వెన్నుపాము దెబ్బ: లక్షణం ఒకచోట, కారణం మరోచోట
(ఆసుపత్రిలో రోగి వెంట ఉండేవారికి సమస్య - పరిష్కారం)

మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడైనా, రాత్రిపూట ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని బైకుతో గుద్దుకున్న కుర్రవాడైనా, వరంగల్ చుట్టుపక్కల మండలాల నుంచి వెన్నుపాము దెబ్బతో ఆసుపత్రికి వచ్చే రోగి వెంట ఇంటిమనిషి ఒకరు ఉండనే ఉంటారు. నర్సుగా నేను ఇది రాస్తున్నది ఆ మనిషి కోసం. చెట్టు ఎక్కేవారికి 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరిట కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినా, అవి లేకుండా ఎక్కేవారు ఇంకా ఉన్నారు.

దెబ్బ తగిలిన చోటికి దిగువన ఉన్న శరీరం నొప్పిని మెదడుకు చేరవేయలేదు. అందుకే అక్కడ పుట్టిన ఇబ్బంది మరోచోట, మరో రూపంలో బయటపడుతుంది. ముందుగా కేసు షీటులో దెబ్బ ఏ స్థాయిలో ఉందో అడిగి తెలుసుకోండి. ఛాతీ వెనుక భాగంలోని ఆరో స్థాయిని కొందరు డాక్టర్లు టీ6 అనీ, కొందరు డీ6 అనీ రాస్తారు, రెండూ ఒకటే. కింద చెప్పే వాటిలో చాలావాటికి ఆ స్థాయే గీటురాయి.

ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం మీద చెమటలు

దెబ్బ టీ6 దగ్గర గానీ, అంతకు పైన గానీ ఉన్నవారికి ఇది ప్రాణం మీదికి తెచ్చే లక్షణం. ఒక తెల్లవారుజామున ఒక రోగి భార్య నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, మా ఆయనకు తలకాయ పల్గుతాందట, బామ్ రాసిన, తగ్గుతలేదు" అని చెప్పింది. వెళ్లి చూస్తే అతని మెడ, ముఖం కందిపోయి ఉన్నాయి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, బీపీ 190 దాటింది. దుప్పటి తీస్తే యూరిన్ పైపు తొడ కింద నలిగి ఉంది, బ్యాగులోకి చుక్క దిగడం లేదు. నాలుగు గంటలకు పక్కకు తిప్పినప్పుడు పైపును సరిచూసుకోని పొరపాటు మాదే. పైపు సరిచేసిన కొద్ది నిమిషాల్లో బ్యాగు నిండింది, బీపీ దిగింది, బామ్ అవసరం లేకుండానే తలనొప్పి పోయింది.

దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. నిండిన మూత్రాశయమో, గట్టిపడిన మలమో, బిగుతుగా కట్టిన నడుం పట్టీయో, చివరికి చర్మంలోకి పెరిగిన కాలిగోరైనా సరే, కింది నరాలను రేపినప్పుడు అక్కడి రక్తనాళాలన్నీ ముడుచుకుంటాయి, వాటిని సడలించమనే మెదడు ఆదేశం దెబ్బ దాటి కిందికి వెళ్లదు. దెబ్బ తగిలిన తొలి రోజుల్లో ఇది అరుదు. వెన్నుపాము తొలి షాక్ తగ్గాక, అంటే సాధారణంగా కొన్ని వారాల తర్వాత మొదలవుతుంది.

చేయాల్సినవి వరుసగా ఇవి. కేక వేసి నర్సును పిలవండి. రోగిని కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయండి. వెన్నెముక ఇంకా స్థిరపడకపోతే కూర్చోబెట్టవద్దు, మంచాన్నే తలవైపు ఎత్తమని నర్సును అడగండి. బెల్టు, సాక్సు, నాడా వదులు చేయండి. ఆ తర్వాత యూరిన్ పైపును మొదటి నుంచి చివరిదాకా వేళ్లతో తడుముతూ రండి. పైపు బాగుంటే తర్వాతి అనుమానం మలం మీద. అయితే పరీక్ష నర్సు మత్తు జెల్లీ రాసి చేయాలి గానీ మీరు చేయవద్దు, ఎందుకంటే ఆ తాకిడికే బీపీ ఇంకా పెరగవచ్చు. కారణం తీసేసినా పై బీపీ (రెండు అంకెల్లో పెద్దది) 150కి దిగకపోతే డాక్టరు మందు ఇస్తారు.

ఇక్కడొక మెలిక ఉంది. ఈ రోగుల మామూలు పై బీపీ 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. కాబట్టి కొత్తగా వచ్చిన డాక్టరుకు 140 అనే అంకె పెద్దగా కనిపించకపోవచ్చు. రోజూ ఉండే బీపీని ఒక కాగితం మీద రాసి మంచం తలాపున పెట్టండి. దానికంటే 20 నుంచి 40 పెరిగితే చాలు, ప్రమాదమే.

విరేచనాలు అవుతున్నాయి

ఇది విరేచనం కాకపోవచ్చు. నాలుగైదు రోజులుగా మలం రాకుండా ఉండి, ఒక్కసారిగా నీళ్లలా కొంచెం కొంచెం కారుతుంటే, లోపల గట్టి ముద్ద అడ్డుపడి దాని పక్క నుంచి నీరు జారుతోందని అనుకోవాలి. మెడికల్ షాపులో విరేచనాల మాత్ర తెచ్చి వేస్తే ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. చివరిసారి గట్టి మలం ఎప్పుడు వచ్చిందో డాక్టరుకు తేదీతో చెప్పండి. ముద్ద తొలగించాక రోజూ ఒకే వేళకు, భోజనమైన 20, 30 నిమిషాలకు, ప్రయత్నించే అలవాటు చేయిస్తారు. తిన్న తర్వాత పేగుల్లో పుట్టే సహజమైన కదలిక అప్పుడు తోడవుతుంది.

నడుం కింద చర్మం రంగు మారింది

పుస్తకాలు ఎర్రబడుతుందని రాస్తాయి. మన చామనఛాయ, నల్లని ఒంటి మీద ఆ ఎరుపు కనిపించదు. చుట్టుపక్కల కంటే నల్లగా, నీలంగా అనిపిస్తుంది. కంటి కంటే చేతినే నమ్మండి. పిర్రల మధ్య ఎముక మీద, మడమల మీద, తుంటి పక్కన చేతి వెనుక భాగం ఆనించి చూస్తే ఆ చోటు వేడిగానో, గట్టిగానో, మెత్తగానో తేడాగా తగులుతుంది. ఒత్తిడి తీసేసిన అరగంటకు కూడా ఆ తేడా పోకపోతే పడకపుండు మొదలైనట్టే.

కారణం ఒత్తిడి; తడి, రాపిడి దానికి తోడు. పరిష్కారం కొత్తదేమీ కాదు: 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు రాత్రీ పగలూ రెండేసి గంటలకు రోగులను తిప్పించాడు. మనమూ అదే చేస్తున్నాం. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పక తప్పదు. మెడకు దెబ్బ తగిలినవారిని తిప్పేటప్పుడు ఒకరు తలను మాత్రమే పట్టుకోవాలి, మిగతా ముగ్గురు ఒంటిని దుంగలా ఒకేసారి కదపాలి. ఒక్కరే తిప్పేందుకు సాహసించవద్దు.

మానేయాల్సినవీ ఉన్నాయి. స్పిరిట్ రాసి ఆ చోట మర్దన చేయడం, గాలి నింపిన రబ్బరు రింగు పెట్టడం, నీళ్లు నింపిన గ్లౌజును మడమ కింద పెట్టడం: మూడూ మేలు కంటే కీడే చేస్తాయి. మడమ అసలు దేనికీ ఆనకుండా పిక్క కింద దిండు పెట్టండి. దుప్పటి కింద ఫోన్ చార్జరు, సీసా మూత, రూపాయి బిళ్ల ఉన్నాయేమో తిప్పిన ప్రతిసారీ తడమండి. మూత అంచు ఆకారంలో పుండు పడిన తుంటిని నేను కళ్లారా చూశాను.

జ్వరం

ముందుగా మూత్రం, ఊపిరితిత్తులు, పుండ్లు, కాళ్లు చూడాలి. మూత్రం మబ్బుగా, వాసనగా ఉన్నంత మాత్రాన మందులు అక్కరలేదు. జ్వరం, వణుకు, కాళ్లలో కొత్తగా బిగుతు వంటివి తోడైతేనే యాంటీబయాటిక్ అవసరం. వీటిలో ఎక్కడా జ్వరానికి కారణం దొరకకపోతే వాతావరణాన్ని అనుమానించండి. పైస్థాయి దెబ్బ ఉన్నవారికి దిగువన చెమట పట్టదు కనుక మే నెల వరంగల్ ఎండకు వార్డు కాగిపోతే వారి ఒళ్లూ కాగిపోతుంది. అటువంటి వేడి పారాసెటమాల్‌కు లొంగదు. ఫ్యాను, తడిబట్ట, పలుచని దుప్పటి పనిచేస్తాయి. వేడినీళ్ల సంచి మాత్రం ఏ కాలంలోనూ స్పర్శ లేని చోట పెట్టవద్దు.

ఒక కాలు వాచింది

మొదటి అనుమానం రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం మీదే ఉండాలి. తొలి మూడు నెలల్లో ఈ ముప్పు ఎక్కువ, అందుకే రక్తం గడ్డకట్టకుండా పొట్టకు హెపారిన్ సూదులు వేస్తారు. వాపు తగ్గుతుందని నూనె రాసి పిసకవద్దు. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్షణాల్లో ప్రాణం పోవచ్చు. రక్తనాళాలను చూసే డాప్లర్ స్కాన్‌లో గడ్డ లేదని తేలితే, తుంటి చుట్టూ కొత్త ఎముక పెరుగుతోందేమో, తెలియకుండా ఎముక విరిగిందేమో డాక్టరు చూస్తారు.

కూర్చోబెడితే ఆయాసం, లేదా కళ్లు తిరగడం

మెడ దెబ్బ ఉన్నవారు కూర్చున్నప్పటి కంటే వెల్లకిలా పడుకున్నప్పుడే తేలికగా ఊపిరి తీయగలరు. పొట్ట కండరాలు చచ్చుబడి పొట్ట ముందుకు జారడం దీనికి కారణం. పొట్ట పట్టీ సాయపడుతుంది. కళ్లు తిరిగితే బీపీ పడిపోయినట్టు, వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. దగ్గు బలం లేక కళ్లె గొంతులో గురగురమంటుంటే ఆలస్యం చేయకుండా పిలవండి, ఎందుకంటే మెడ దెబ్బ రోగులను తొలి నెలల్లో ఎక్కువగా బలిగొనేది నిమోనియాయే.

కాలు తనంతట తానే ఎగిరింది

"బాపు కాలు లేపిండు" అని ఇంటివారు సంబరపడి పరుగెత్తుకొస్తారు. ఆ సంతోషాన్ని కాదనడం నాకు ఇప్పటికీ కష్టమే. రోగి అనుకున్నప్పుడు, అనుకున్న వేలు కదిపితే అది కోలుకోవడం. దుప్పటి తగిలినా, తిప్పినా కాలు తనంతట తానే ఎగిరితే అది స్పాజమ్, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకోవడం. మెల్లగా చాపుతూ పట్టుకుంటే సడలుతుంది. స్పాజమ్‌లు ఒక రోజు అకస్మాత్తుగా ఎక్కువైతే మళ్లీ పైపు, మలం, చర్మం ఇదే వరుసలో వెతకండి. నిన్నటిదాకా స్పర్శ ఉన్న చోట ఈ రోజు మొద్దుబారితే మాత్రం వెతుకుతూ కూర్చోవద్దు, అర్ధరాత్రైనా సరే డాక్టరును పిలిపించండి.