చిన్న స్క్రూ పోయిందా? సరైన జోడు వెతికి బిగించడం ఎలా

కళ్లజోడు కాడ స్క్రూ రాలిపోతుంది. లాప్‌టాప్ అడుగున ఒకటి కనిపించదు. పిల్లల బొమ్మకి బ్యాటరీ మూత ఊగుతుంటుంది. వెంటనే ఇంట్లో ఉన్న స్క్రూల డబ్బా బోర్లించి, చూపులకి దగ్గరగా ఉన్నదాన్ని ఏరి, లైన్ టెస్టర్ పెట్టి బలంగా తిప్పేస్తారు. రెండు చుట్లు సాఫీగానే దిగుతుంది. మూడో చుట్టుకి బిర్రుగా అవుతుంది. ‘హమ్మయ్య, పట్టింది’ అనుకుంటారు. పట్టలేదు, లోపల మర తెగుతోంది. రూపాయి స్క్రూ దగ్గర మొదలైన పని కొత్త ఫ్రేము కొనడం దాకా వెళ్లేది ఇలాగే.

టెస్టర్ కరెంటు చూడటానికే. దాన్ని స్క్రూల మీద వాడటం మానేయండి.

సామాన్లు

0, 00, 000 నంబర్ల స్టార్ (ప్లస్ గుర్తు ఆకారం) బిట్లు, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఫ్లాట్ బిట్, సన్న మొన ట్వీజరు, స్టీలు స్కేలు, ఫోన్ కెమెరా, ఒక టూత్‌పిక్. వీటికి తోడు డిజిటల్ వెర్నియర్ క్యాలిపర్, అంటే వస్తువుని రెండు దవడల మధ్య పట్టి మందం కొలిచే పరికరం. ప్లాస్టిక్‌ది తీసుకోండి, 0.1 మిల్లీమీటరు వరకు చూపిస్తే సరిపోతుంది. పైగా స్టీలు క్యాలిపర్‌లా కళ్లజోడు మీద గీతలు పెట్టదు. పని చేసే చోట తెల్లటి గుడ్డ పరవండి. నున్నటి బల్ల మీద పడిన స్క్రూ ఎగిరి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

పోయిందాన్ని ఒకసారి వెతకండి

గదిలో లైటు ఆపి, టార్చిని నేలకి ఆనించి అడ్డంగా వెలుగు వేయండి. అంత చిన్న స్క్రూకి కూడా పొడుగాటి నీడ పడుతుంది. అయస్కాంతం మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. లాప్‌టాప్ స్క్రూలు దానికి అంటుకుంటాయి గానీ, కళ్లజోడు స్క్రూలు చాలావరకు అంటుకోని రకం లోహంతో చేసినవి.

తోటి స్క్రూ తీయండి

దొరకలేదంటే, దాని తోడు ఇంకా వస్తువుకే ఉంటుంది. కళ్లజోడు కుడి కాడది పోతే ఎడమ కాడది విప్పండి. లాప్‌టాప్ అయితే పక్క మూలది. కాకపోతే లాప్‌టాప్‌లో ఒకే మందం ఉన్న స్క్రూలు రెండు మూడు పొడవుల్లో ఉంటాయి. అరచేతులు ఆనించే ముందు వైపు పొట్టివి, హింజిల (మడత కీళ్ల) దగ్గర పొడుగువి ఉండటం మామూలే. అందుకే మందాన్నీ పొడవునీ అదే వరసలో అవతలి మూలలో ఉన్న జోడు నుంచే తీసుకోవాలి. డెల్, థింక్‌ప్యాడ్ లాంటి లాప్‌టాప్‌లకి సర్వీస్ మాన్యువల్ కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏ భాగానికి ఏ సైజు స్క్రూ అన్నది అందులోనే ఉంటుంది. అది దొరికితే ఈ కొలతల గొడవ చాలావరకు తప్పుతుంది.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూనా, లోహపు మరలోకి దిగే స్క్రూనా?

రెండు నిమిషాల పని ఇది. చుట్లు ఎడంగా ఉండి మొన సూదిగా దిగితే, అది ప్లాస్టిక్‌లోకి తన దారి తాను కోసుకుంటూ వెళ్లే రకం. రిమోట్లు, బొమ్మలు, గోడ గడియారాల్లో ఉండేది ఇదే. చుట్లు దగ్గర దగ్గరగా ఉండి చివరి దాకా ఒకే మందం ఉంటే, అది లోహపు మరలోకి వెళ్లే మిషన్ స్క్రూ. కళ్లజోడు, లాప్‌టాప్, ఫోను, కెమెరాల్లో ఎక్కువగా ఇవే. రంధ్రంలోకి టార్చి వేస్తే లోపల ఇత్తడో స్టీలో మెరవాలి. మెరిసే రంధ్రంలోకి సూది మొన స్క్రూ దించారంటే ఆ ఇత్తడి గుబ్బ (ప్లాస్టిక్‌లో బిగించిన మర ఉన్న ముక్క) ఊడి స్క్రూతో పాటు తిరుగుతుంది. ఆపైన దాన్ని బిగించడమూ కుదరదు, విప్పడమూ కుదరదు.

మందం, పిచ్: పని చెడేదంతా ఇక్కడే

ఈ ఒక్కచోట తొందరపడొద్దు. మిగతా పనులు అటూ ఇటుగా చేసినా నడుస్తుంది, ఇది నడవదు.

మందం చూడాలంటే క్యాలిపర్ దవడల్ని చుట్ల మీద, స్క్రూ నడుమ భాగంలో పెట్టాలి. మొన దగ్గర పెడితే తక్కువ చూపిస్తుంది. కళ్లజోడు స్క్రూలో తల కింద కొంత భాగానికి మరే ఉండదు కాబట్టి అక్కడ పెట్టినా లాభం లేదు. వచ్చే అంకె అసలు సైజు కన్నా ఒక పిసరు తక్కువే ఉంటుంది. సైజుల పేర్లలో ‘ఎం’ అంటే మిల్లీమీటర్ల కొలత స్క్రూ, పక్క అంకె దాని మందం. 1.9 వస్తే అది ఎం2. 2.4 వస్తే ఎం2.5. 2.9 అయితే ఎం3. ‘1.9 సైజు ఇవ్వండి’ అని కొట్టులో అడిగితే వాళ్లు తెల్లమొహం వేస్తారు, ఆ సైజు ఉండదు.

తర్వాత పిచ్, అంటే ఒక చుట్టు కొన నుంచి పక్క చుట్టు కొన దాకా ఎడం. స్క్రూని స్టీలు స్కేలు అంచుకి ఆనించి, ఫోన్‌తో దగ్గర నుంచి ఫొటో తీసి, పెద్దది చేసి చుట్లు లెక్కపెట్టండి. ప్రామాణికంగా ఎం1.2కి 0.25, ఎం1.4కి 0.3, ఎం1.6కి 0.35, ఎం2కి 0.4, ఎం2.5కి 0.45, ఎం3కి 0.5 మిల్లీమీటర్లు. అంటే ఎం2 స్క్రూలో 2 మిల్లీమీటర్ల పొడవుకి అయిదు చుట్లు కనిపించాలి, ఎం3లో నాలుగే. లెక్క కుదరకపోతే చాలావరకు మందం తప్పు కొలిచారన్నమాట. మళ్లీ మొదటి నుంచి కొలవండి.

పిచ్ తేడా ఉన్న స్క్రూ ఎందుకు మోసం చేస్తుందంటే, ఏ మరలోనైనా కొద్దిగా వదులు ఉంటుంది. మొదటి రెండు చుట్లలో ఆ వదులు తేడాని కప్పేస్తుంది. మూడో చుట్టుకి తేడా అంతా కలిసి ఒకేచోట అడ్డం పడుతుంది. ఇక బలం పెడితే, రెండు లోహాల్లో మెత్తనిది తెగుతుంది. ఇత్తడి గుబ్బ కానీ కళ్లజోడు హింజి కానీ స్క్రూ కన్నా మెత్తన. అందుకే ఎప్పుడూ పాడయ్యేది వస్తువే, స్క్రూ కాదు.

తరచూ పొరబడే జోడీలు రెండున్నాయి. డెస్క్‌టాప్ కంప్యూటర్ డబ్బాలో రెండు రకాల స్క్రూలు కలిసి ఉంటాయి: డీవీడీ డ్రైవుకీ చిన్న ఎస్ఎస్‌డీకీ ఎం3, పెద్ద హార్డ్ డిస్కుకీ డబ్బా పక్క పలకలకీ అంగుళాల కొలతలో ఉండే 6-32. రెండోది మందం 3.5, పిచ్ 0.79. చుట్లు కంటికే ఎడంగా కనిపిస్తాయి, అయినా దాన్ని ఎం3 రంధ్రంలోకి తోసేవాళ్లకి కొదవ లేదు. రెండో జోడీ ఎం2.5, ఎం2.6. పాత జపాన్ క్యాసెట్ ప్లేయర్లలో, కెమెరాల్లో ఎం1.7, ఎం2.3, ఎం2.6 లాంటి సైజులు వాడారు. 2.5కీ 2.6కీ పిచ్ ఒకటే కావడంతో చుట్ల లెక్క ఇక్కడ పనికిరాదు, చౌక క్యాలిపర్ కూడా తేల్చలేదు. ఎం2.5 దించినప్పుడు సగం దిగాక కూడా తల అటూ ఇటూ ఊగుతుంటే అది 2.6 రంధ్రం.

తోడు స్క్రూ కూడా లేకపోతే రంధ్రాన్నే కొలవాలి. రంధ్రం లోపలి వెడల్పుకి పిచ్ కలిపితే ఇంచుమించు స్క్రూ సైజు వస్తుంది. ఎం1.4కి సుమారు 1.1, ఎం2కి 1.6, ఎం2.5కి 2.05, ఎం3కి 2.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. సన్న డ్రిల్ బిట్ల వెనక వైపు నున్నటి కాడని దూర్చి చూడండి. ఏది బరువు లేకుండా జారుతుందో, ఏది ఆగుతుందో ఆ రెండింటి మధ్య ఉంటుంది జవాబు. తిప్పొద్దు, దూర్చడమే.

చివరి పరీక్ష వేళ్లది. కొత్త స్క్రూని రంధ్రంలో నిలబెట్టి ముందు వెనక్కి, అంటే అపసవ్యంగా తిప్పండి. ఒకచోట ‘టిక్’మని చిన్నగా కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. మర మొదలయ్యేది అక్కడే. అక్కడి నుంచి సవ్యంగా తిప్పాలి, స్క్రూడ్రైవర్ పిడి పట్టుకోకుండా బిట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని. మూడు చుట్లు ఏ అడ్డూ లేకుండా దిగితే అది సరైన స్క్రూ. ఆగితే బయటికి తీసేయాలి. ‘కొంచెం బలం పెడితే వెళ్తుంది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. కొంచెం నూనె వేయడం కూడా వద్దు, తప్పు స్క్రూని ఇంకాస్త లోపలికి పంపడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

కళ్లజోడు విషయంలో ఒక మెలిక ఉంది. స్క్రూ సరైనదైనా ఆగవచ్చు. హింజిలో మూడు బుల్లి గొట్టాలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. పైదీ మధ్యదీ నున్నగా ఉంటాయి, అట్టడుగు దానికే మర. కాడ ఇసుమంత పక్కకి జరిగినా మూడు గొట్టాలూ ఒక వరసలోకి రావు, స్క్రూ వంకరగా వెళ్లి కింది మరని కోసేస్తుంది. ముందు సూది దూర్చి వరస కుదిరిందో లేదో చూడండి. కాడని సగం మడిచిన భంగిమలో బొటనవేలితో లోపలికి నొక్కి పట్టి అప్పుడు స్క్రూ దించండి.

పొడవు

తల ఉబ్బి పైనే ఉండే స్క్రూకి పొడవు తల కింది నుంచి. తల చదునుగా ఉండి లోపలికి మునిగే రకానికి తలతో కలిపి. రంధ్రం లోతు తెలియాలంటే టూత్‌పిక్ దించి, గోటితో గుర్తు పెట్టి కొలవండి. స్క్రూ అర మిల్లీమీటరు పొట్టిదైనా ఫరవాలేదు, పొడుగు మాత్రం కాకూడదు. ఫోన్‌లో పొడుగు స్క్రూ దిగితే బోర్డులోని సన్నటి రాగి గీతలు తెగి ఫోన్ పోతుంది. లాప్‌టాప్‌లో కీబోర్డు పక్కన గుబ్బలా పైకి లేస్తుంది.

ఎక్కడ దొరుకుతాయి

మామూలు హార్డ్‌వేర్ కొట్లో ఎం3 కన్నా చిన్నవి దొరకడం అరుదు. కళ్లజోడుకైతే కళ్లద్దాల షాపుకే వెళ్లండి. చివర పొడుగు తోక ఉండి, బిగించాక తోక విరిచేసే రకం ఉంటే అదే అడగండి, పెద్ద వేళ్లవాళ్లకి వరం. లాప్‌టాప్‌కి హైదరాబాద్‌లో అయితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఫోన్‌కి ఆబిడ్స్ జగదీష్ మార్కెట్, ఎలక్ట్రానిక్ సామాన్లకి కోఠి గుజరాతీ గల్లీ. మిషన్ స్క్రూలు టోకున కావాలంటే రాణిగంజ్. మిగతా ఊళ్లలో సెల్ రిపేరు చేసే కుర్రాళ్ల దగ్గర ఒక డబ్బా నిండా ఉంటాయి. అడిగే పద్ధతి ఇది: ‘ఎం2, 5 మిల్లీ, చదును తల, మిషన్ థ్రెడ్.’ వస్తువుని చూపించి ‘దీనికి సరిపోయేది’ అని అడిగితే వాళ్లూ దగ్గరగా ఉన్నదాన్నే తీసి బిగిస్తారు.

పాడైన సీడీ డ్రైవు, ప్రింటరు, సెట్‌టాప్ బాక్సు ఇంట్లో ఉంటే పాత సామాన్లకి వేసేముందు స్క్రూలన్నీ విప్పి సైజుల వారీగా కట్టి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో వెయ్యి స్క్రూల డబ్బా కొనడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. ఆ డబ్బాల్లో తలలు మెత్తగా ఉంటాయి, ఒకసారి తిరగబడితే గదుల అడ్డుగోడల కింది నుంచి స్క్రూలన్నీ కలిసిపోతాయి, కావలసిన పొడవు మాత్రం అందులో ఉండదు.

బిగించాక

కళ్లజోడు స్క్రూ తల మీద పారదర్శకమైన గోళ్ల రంగు ఒక చుక్క పెడితే ఊడదు. క్విక్ గమ్ము వద్దు, మళ్లీ విప్పాల్సి వస్తే హింజినే కోయాలి. లోహపు మరకి తక్కువ పట్టు ఉండే ఊదా రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) వాడొచ్చు, ప్లాస్టిక్‌కి తగలనివ్వొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగుళ్లు బారతాయి. ప్లాస్టిక్ రంధ్రం అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంటే, అదే పొడవులో ఒక సైజు లావుది వేయండి, తల తగలగానే ఆపేయండి.

బటన్ సెల్ ఉండే బొమ్మల విషయంలో మాత్రం టేపు అంటించి సర్దుకోవద్దు. పిల్లలు ఆ సెల్ మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. సరైన స్క్రూ దొరికేదాకా సెల్ తీసేసి పైన ఎక్కడైనా పెట్టండి, బొమ్మ పాడకపోయినా సరే.