మన హాలుకు సరిపోయే హోమ్ థియేటర్ రిసీవర్ ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్టు ముందు నిలబడి "మంచి రిసీవర్ చూపించన్నా" అన్నా, ముందు వినబడేవి వాట్లే. "సార్, ఇది ఏడు చానెళ్లు, ఒక్కోదానికి 150 వాట్లు, ఇల్లు ఊగిపోద్ది." మనమూ తల ఊపుతాం. నిజానికి ఇల్లు ఊగాలని మనకెవరికీ లేదు, కింది ఫ్లాటువాళ్లకు అసలే లేదు. నేనైతే ఇప్పుడు ఒకటే అడుగుతా: "అన్నా, ఆ పెట్టె వెనక్కి తిప్పి చూపిస్తావా?" రిసీవర్ గురించి తెలుసుకోవాల్సిందంతా వెనకవైపే ఉంటుంది. ముందు ఉన్నవి రెండు గుండీలు, ఒక వెలిగే అంకె.

ఇక్కడ చెప్పేది సుమారు 40 వేల నుంచి 80 వేల రూపాయల మధ్య పెట్టెల గురించి. సౌండ్‌బార్‌తో తృప్తిపడనివాళ్లు, అలాగని ప్రత్యేకంగా థియేటర్ గది కట్టించుకునే స్తోమత లేనివాళ్లు ఆగే చోటు ఇదే. సెట్‌టాప్ బాక్సు, గేమ్, బ్లూరే ప్లేయర్ వైర్లన్నీ తనలోకి తీసుకుని, బొమ్మను టీవీకి పంపి, శబ్దాన్ని విడదీసి, ఒక్కో స్పీకర్‌ను నడిపించడం రిసీవర్ పని. ఒక్కో స్పీకర్‌ను నడిపే దారినే చానెల్ అంటారు.

ముందు టేపు, తర్వాత పర్సు

కొట్టుకు వెళ్లేముందు ఇంట్లో టేపు పట్టుకోండి. మన టూ బీహెచ్‌కే హాలు ఎలా ఉంటుందో తెలిసిందే. హాలూ డైనింగూ కలిసే ఉంటాయి, కింద నున్నటి టైల్స్, ఒక పక్క బాల్కనీ అద్దాల తలుపు, ఇంకో పక్క తలుపు లేని వంటగది. సోఫా వెనక గోడకు అతుక్కుని ఉంటుంది. టీవీకి, కూర్చునే చోటుకు మధ్య తొమ్మిదో పదో అడుగులు. సోఫా వెనక చోటే లేనప్పుడు, వెనక ఇంకో రెండు స్పీకర్లు పెట్టే 7.1 (ఏడు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) మాట మర్చిపోవచ్చు. మనకు కుదిరేది 5.1, లేదంటే పైనుంచి వినబడే రెండింటిని కలిపి 5.1.2.

ఆ చివరి 2 కావాలో వద్దో ఇప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే రిసీవర్ చానెళ్లు దాన్నిబట్టే. అది పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ పద్ధతి కోసం. ఈ అట్మాస్ 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. 5.1.2 అంటే సబ్‌వూఫర్ కాకుండా ఏడు స్పీకర్లు, కాబట్టి ఏడు చానెళ్ల రిసీవర్ కావాలి. ఫాల్స్ సీలింగ్ ఇంకా వేయించనివాళ్లు అదృష్టవంతులు. జిప్సం బోర్డు ఎక్కకముందే పైన రెండు వైర్లు లాగించి ఉంచండి. ఇప్పటికే వేయించేసి, వద్దురా బాబూ మళ్లీ తవ్వడం అనుకుంటే, పైకప్పు వైపు శబ్దం కొట్టి కిందికి దించే స్పీకర్లు ఉన్నాయి. వాటికి చదునైన పైకప్పు కావాలి, అదీ ఏడున్నర నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో. మన డిజైనర్లు కట్టే మెట్లమెట్ల సీలింగు కింద, ఫ్యాను తిరుగుతుండగా వాటినుంచి పెద్దగా ఆశించొద్దు. అలాంటి ఇంట్లో మంచి 5.1 పెట్టుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

ఇంకో కొలత అందరూ మర్చిపోతారు. టీవీ యూనిట్ లోతు. రిసీవర్ వెడల్పు సుమారు 17 అంగుళాలు, లోతు 13 నుంచి 15. వెనక వైర్లు వంగడానికి ఇంకో మూడు అంగుళాలు. కార్పెంటర్ చేసే అరలు మామూలుగా సెట్‌టాప్ బాక్సు లెక్కలో ఉంటాయి. పైన కూడా ఖాళీ ఉండాలి, ఈ పెట్టెలు బాగా వేడెక్కుతాయి. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు, అద్దం తలుపేసిన అరలో రిసీవర్ పెడితే అది తనంతట తానే ఆగిపోతుంది. పాడైందేమో అని మీరు సర్వీసుకు ఫోన్ చేస్తారు.

వాట్ల లెక్క

ఒకే రిసీవర్‌కు ఒక కాగితంలో 80 వాట్లని, అట్ట పెట్టె మీద 140 పైన అని ఉండొచ్చు. రెండూ అబద్ధం కావు. కొలిచిన తీరు వేరు. 8 ఓమ్‌ల (స్పీకర్ విద్యుత్తుకు చూపే నిరోధం) స్పీకర్‌తో, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానెళ్లు ఒకేసారి నడుపుతూ, డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) 0.1 శాతం లోపు ఉంచి కొలిస్తే వచ్చేది మొదటి అంకె. 6 ఓమ్‌లు, ఒక్క చానెల్, ఒక్క 1 కిలోహెర్ట్జ్ స్వరం, డిస్టార్షన్ 10 శాతం దాకా పోనిచ్చి కొలిస్తే రెండోది. 10 శాతం అంటే గొంతు గరగరలాడే స్థితి. పోల్చేటప్పుడు మొదటి రకం అంకెనే అడగండి. కొట్టతను తడబడితే ఫోన్‌లో కంపెనీ పేజీ తెరిచి మీరే చూసుకోండి.

సరే, 80 వాట్లు చాలతాయా? చిన్న లెక్క వేద్దాం. మీ స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అనుకోండి, అంటే ఒక్క వాటుకు మీటరు దూరంలో అంత శబ్దం. మీరు కూర్చునేది మూడు మీటర్ల దూరంలో, అక్కడికి వచ్చేసరికి దాదాపు తొమ్మిదిన్నర తగ్గి 78 చిల్లర. సినిమా హాలు ప్రమాణంలో పెద్ద పేలుళ్లు 105 దాకా వెళ్తాయి. కానీ ఫ్లాట్లలో ఎవరూ అంత పెట్టరు, దానికి 20 డెసిబెల్స్ కిందే వింటారు. అంటే 85. దానికి కావాల్సింది ఐదు వాట్ల లోపు! మిగతా వాట్లు ఎప్పుడో ఒకసారి గట్టిగా పెట్టుకునే రోజు కోసం. ఇంకో మాట, 80కి 100కి తేడా వినికిడిలో ఒక్క డెసిబెల్. రెట్టింపు వాట్లు పోస్తే పెరిగేది మూడు. ఆ 20 వాట్ల కోసం పదిహేను వేలు ఎక్కువ పెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఆ పదిహేను వేలూ సెంటర్ స్పీకర్‌లో పెట్టండి. మాటలు దాదాపు అన్నీ అందులోంచే వస్తాయి. నేపథ్య సంగీతం హోరులో హీరో ఏమన్నాడో వినబడక, రిమోట్ పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చునే బాధ అందరికీ తెలుసు. రిసీవర్ సెట్టింగుల్లో సెంటర్ ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకుంటే ఆ గొడవ చాలావరకు తీరుతుంది. సౌండ్‌బార్‌లలో చాలావాటికి ఈ సౌకర్యం సరిగా ఉండదు. మొత్తం ఖర్చులో రిసీవర్ వాటా మూడో వంతు దాటితే నాకు అనుమానమే. బొమ్మనూ శబ్దాన్నీ ఒకే వైరులో మోసే హెచ్‌డీఎంఐ ఐదారేళ్లకు పాతబడుతుంది, మంచి స్పీకర్లు ఇరవై ఏళ్లు మోగుతాయి.

ఇప్పుడు వెనకవైపు

హెచ్‌డీఎంఐ రంధ్రాలు లెక్కపెట్టండి. మీ దగ్గరున్న వస్తువులు ఎన్నో అన్ని, పైన ఒకటి అదనంగా. టీవీకి వెళ్లే దాని మీద ఈఆర్క్ అని రాసి ఉందా చూడండి, మీ టీవీ మీద కూడా. టీవీ శబ్దాన్ని అదే వైరులో వెనక్కి రిసీవర్‌కు తెచ్చే సౌకర్యం ఇది, దీని పాత రూపం ఆర్క్. టీవీలోనే ఉన్న యాప్‌లలో సినిమా చూసేవాళ్లకు పాత ఆర్క్ చాలు. యాప్‌లు ఇచ్చే అట్మాస్ కుదించిన రూపంలోనే ఉంటుంది, ఆర్క్ దాన్ని మోయగలదు. ప్లేయర్‌ను టీవీకి పెట్టి, అక్కణ్నుంచి బ్లూరే డిస్కులోని పూర్తి స్థాయి శబ్దాన్ని రిసీవర్‌కు తేవాలంటే మాత్రం ఈఆర్క్ కావాలి. పెన్‌డ్రైవ్ సినిమాల వాళ్లకు ఒక హెచ్చరిక: కొన్ని కంపెనీల టీవీలు డీటీఎస్ (డాల్బీ లాంటి ఇంకో పద్ధతి) శబ్దాన్ని ముట్టుకోవు, రిసీవర్ ఎంత మంచిదైనా అక్కడిదాకా చేరనివ్వవు. పెన్‌డ్రైవ్ ఆడించే పెట్టెను నేరుగా రిసీవర్‌కే తగిలిస్తే సరి.

ఇంట్లో పిల్లలు గేమ్ ఆడితే 4కె 120 హెర్ట్జ్ (సెకనుకు 120 బొమ్మలు) ఏ రంధ్రాల్లో పనిచేస్తుందో అడగండి, అన్నింట్లో ఉండకపోవచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మరీ జాగ్రత్త. 2020 చివర్లో వచ్చిన మొదటి తరం హెచ్‌డీఎంఐ 2.1 రిసీవర్లలో కొన్నింటికి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌తో 4కె 120 పెట్టగానే తెర నల్లబడే జబ్బు ఉండేది. గేమ్ పెట్టెను చంకలో పెట్టుకుని వెళ్లి, ఆడించి చూశాకే డబ్బివ్వండి.

ఇక సబ్‌వూఫర్ అవుట్. 5.2, 7.2 అని చివర 2 ఉంటే రెండు బేస్‌లు వేరువేరుగా నడుస్తాయనుకోకండి. ఈ ధరలో చాలావాటిలో ఒకే సిగ్నల్ రెండు రంధ్రాల్లో వస్తుంది. ముందు స్పీకర్లకు ప్రీ అవుట్ (శక్తి పెంచని సిగ్నల్‌ను బయటికిచ్చే రంధ్రం) ఉంటే మంచిది, రేపు విడిగా ఆంప్లిఫైయర్ కొన్నా ఈ పెట్టె పనికొస్తుంది. స్పీకర్లు 4 ఓమ్‌లవైతే రిసీవర్ వాటిని ఒప్పుకుంటుందో లేదో వెనకే రాసి ఉంటుంది, చదవండి.

మైకు సంగతి

పెట్టెతో పాటు చిన్న మైకు ఒకటి వస్తుంది. దాన్ని కూర్చునే చోట పెడితే, రిసీవర్ ఒక్కో స్పీకర్‌లోంచి శబ్దం పంపి, దూరం, శబ్దం హెచ్చుతగ్గులు కొలిచి, గది చేసే తప్పుల్ని దిద్దుతుంది. టైల్స్, అద్దాలు నిండిన మన హాళ్లకు వాట్లకన్నా ఇదే ముఖ్యం. డెనాన్‌లో దీని పేరు ఆడిస్సీ, యమహాలో వైపీఏఓ, ఇంకొన్నింట్లో డిరాక్. ఒకే పేరులో కూడా అంతరాలున్నాయి. ఆడిస్సీ మల్ట్‌ఈక్యూ, మల్ట్‌ఈక్యూ ఎక్స్‌టీ, ఎక్స్‌టీ32, ఇలా మెట్టు మెట్టుకు దిద్దే తీరు సూక్ష్మమవుతుంది. రెండు మోడళ్ల మధ్య తటపటాయిస్తుంటే, ఇందులో పైమెట్టున్నది తీసుకోండి.

కొలిచేటప్పుడు ఇల్లంతా మౌనవ్రతం. ఫ్యాన్లు, ఏసీ కట్టేయాలి. మా ఇంట్లో మొదటిసారి ఆదివారం పొద్దున పెట్టాను. మూడో చోట కొలుస్తుండగా వంటింట్లో కుక్కర్ విజిల్, వెంటనే కింద వీధిలో పాత ఇనుప సామాన్ల బండి మైకు. అంతా అయ్యాక చూస్తే, ఆరడుగుల దూరంలో ఉన్న కుడి పక్క సరౌండ్ స్పీకర్‌ను రిసీవర్ పంతొమ్మిది అడుగులని రాసుకుంది. రాత్రి పదకొండు దాటాక మళ్లీ కొలిస్తే కుదిరింది. సబ్‌వూఫర్ దూరం మాత్రం అసలుకన్నా ఎక్కువ చూపిస్తే కంగారుపడొద్దు, దాని లోపలి ఆలస్యాన్ని కూడా కలుపుకుంటుంది. కొలత ముగిశాక స్పీకర్లన్నీ స్మాల్ అని, క్రాసోవర్ (ఏ హద్దు కింది బేస్ సబ్‌వూఫర్‌కు మళ్లాలో చెప్పేది) 80 హెర్ట్జ్ అని పెట్టండి. చిన్న స్పీకర్ల మీద బేస్ భారం తగ్గుతుంది.

అమెరికా నుంచి తెప్పించుకోవాలా?

హైదరాబాదులో ఈ ప్రశ్న రాని ఇల్లు ఉండదు. అక్కడ సేల్‌లో సగం ధరకే ఉందని, వచ్చేటప్పుడు తెస్తానని బావమరిది అంటాడు. వద్దనండి. అక్కడి మోడల్ 120 వోల్టులది, మన ప్లగ్గులో వచ్చేది 230. మా బంధువొకరు డాలస్ నుంచి తొమ్మిది కిలోల పెట్టెను స్వెట్టర్ల మధ్య చుట్టి తెచ్చాడు. అడాప్టర్ ఉందిగా అని నేరుగా గోడకు పెట్టాడు. రెండు సెకన్లు, టప్పున ఒక చప్పుడు, కాలిన వాసన. అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్నే, వోల్టేజిని కాదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపేవాళ్లున్నారు గానీ, అదొక బరువు, అదొక గుయ్యిమనే మోత. పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. సరదా విషయం ఇంకోటి: అమెరికా ఎఫ్ఎం ట్యూనర్లు మామూలుగా పాయింటు తర్వాత బేసి అంకెల మీదే ఆగుతాయి. 98.3 దొరుకుతుంది గానీ, మన వివిధ భారతి 102.8 దగ్గర ఆగకుండా 102.7 నుంచి 102.9కి దూకేస్తాయి.

కొనే రోజు

ఆన్‌లైన్ ధర తెలుసుకునే వెళ్లండి, కానీ డెమో వినండి. వినడానికి మీకు కంఠతా వచ్చిన సినిమా దృశ్యమే ఫోన్‌లో పట్టుకెళ్లండి. కొట్టువాళ్ల డెమో క్లిప్పులో ఏదైనా బాగానే ఉంటుంది. చిన్న గొంతుతో, ఇంట్లో రాత్రి పది తర్వాత పెట్టుకునేంతలో వినండి. మాట స్పష్టంగా ఉందా? అది చాలు.

తర్వాత మూడు ప్రశ్నలు. కంపెనీ అధీకృత డీలరేనా? బిల్లు మీద సీరియల్ నంబరు రాస్తారా? సర్వీస్ సెంటర్ హైదరాబాదులోనే ఉందా, లేక పెట్టెను వేరే ఊరు పంపుతారా? బిల్లు లేకుండా ఐదు వేలు తగ్గిస్తామంటే దండం పెట్టి బయటికి రండి. రేపు హెచ్‌డీఎంఐ బోర్డు పోయి, బిల్లు లేక వారంటీ అడగలేకపోతే, ఆ ఐదు వేలూ ఏ మూలకూ రావు.

స్పీకర్ వైరు అదే గల్లీలో మీటర్ల లెక్కన దొరుకుతుంది. పది పదిహేను మీటర్ల లోపు 1.5 స్క్వేర్ ఎంఎం సరిపోతుంది, ఇంకా దూరమైతే 2.5. కోసిన చివర తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. "అన్నా, రాగిదివ్వు" అంటే కింది అరలోంచి ఇంకో చుట్ట తీస్తాడు.

అట్ట పెట్టె, థర్మోకోల్ పారేయకండి, వారంటీ అయ్యేదాకా లాఫ్టులో ఉండనివ్వండి. సర్వీసుకు పంపాల్సి వస్తే తొమ్మిది కిలోల రిసీవర్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్లే పని తప్పుతుంది.