సమకాలీన కళా ప్రదర్శనకు తరగతితో వెళ్లే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

బయలుదేరే ముందే ప్రదర్శనశాల నియమాలు చదివి, ఫోటోలకు ఎక్కడ అనుమతి ఉందో, ఎక్కడ లేదో తెలుసుకోండి. వీపు సంచిని ముందుకు తగిలించుకోండి, లేదా సామాన్ల గదిలో అప్పగించండి. రాసుకోవడానికైనా, బొమ్మ గీసుకోవడానికైనా పెన్సిలే వాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది దూరం పాటించడం. సమకాలీన కళలో కృతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడగానే తెలియదు. నేల మీది ఇసుక, గోడకు ఆనించిన కర్ర, చివరకు ఖాళీగా కనిపించే మూల కూడా కృతిలో భాగం కావచ్చు. శిల్పి అనీశ్ కపూర్ 1992లో రూపొందించిన ‘డిసెంట్ ఇన్‌టు లింబో’లో నేలలోని గొయ్యి చదునైన నల్లని వృత్తంలా కనిపిస్తుంది. 2018లో పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో ఒక సందర్శకుడు, సుమారు 2.5 మీటర్ల లోతున్న ఆ గొయ్యిలో పడి గాయపడ్డాడు. కాబట్టి ఫోన్ తెర చూస్తూ, వెనక్కి అడుగులు వేస్తూ ఫోటోలు తీయకండి.

దీనికి భిన్నంగా, కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన మిఠాయిల కుప్ప నుంచి సందర్శకులు ఒకటి తీసుకోవచ్చు. అందువల్ల తాకవచ్చా, కూడదా అన్నది ఊహించుకోకుండా సిబ్బందిని అడగండి.

కాగితంపై గీసిన చిత్రాలు వెలిసిపోకుండా వెలుతురును తరచూ 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం), అంటే మసక స్థాయికి, పరిమితం చేస్తారు గనుక, కళ్లు అలవాటుపడేదాకా ఆగి చూడండి, ఫ్లాష్ వాడకండి.

మిణుకుమిణుకుమనే కాంతి, పెద్ద శబ్దాలు, ఇరుకు చీకటి గదులు పడనివారు ఆ విషయాన్ని ఉపాధ్యాయులకు ముందుగానే చెప్పాలి. ఈ జాగ్రత్తను ఎవరూ చిన్నదిగా భావించకూడదని నా గట్టి అభిప్రాయం.