గుర్రం మూతి ఎండకు కమిలిందా? ముందు చర్మం రంగు చూడండి

ఉండవల్లి కరకట్ట పక్కన మాకు రెండు గుర్రాలున్నాయి. చూడటానికి రెండూ తెల్లవే. పెళ్ళిళ్ళ సీజన్‌లో పగటి ఊరేగింపుకి రెంటినీ తీసుకెళ్తే, ఇంటికొచ్చేసరికి ఒకదాని మూతి ఉడికిన రొయ్యలా ఎర్రగా ఉండేది. రెండోదానికి ఏమీ అయ్యేది కాదు. మొదటి ఏడాది కళ్ళెం ఒరుసుకుందనుకుని కళ్ళేలు మార్చాను. డబ్బులు దండగ.

తేడా చర్మంలో ఉంది. తడిగుడ్డతో గుర్రం మెడ మీద గట్టిగా తడిపి చూడండి. వెంట్రుకలు ఒంటికి అతుక్కోగానే అసలు రంగు బయటపడుతుంది. చర్మం నల్లగా ఉంటే, అది ముదురు రంగులో పుట్టి వయసుతో తెల్లబడిన గుర్రం. ఎండను బాగానే తట్టుకుంటుంది. గులాబీ రంగులో ఉంటే పుట్టు తెల్లది, మనవాళ్ళు నుక్రా అనేది దాన్నే. ఎర్ర గుర్రమైనా సరే, ముక్కు మీద తెల్ల పట్టీ ఉంటే దాని కింద సాధారణంగా గులాబీ చర్మమే ఉంటుంది.

సమస్య: మూతి, ముక్కుపుటాలు ఎర్రబడ్డాయి, చెయ్యి పెడితే తల విదిలిస్తోంది, తర్వాత పొట్టు లేస్తోంది

కారణం: ఎండలోని అతినీలలోహిత కిరణాలు. వేడి కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలినా నీడలో కట్టేసిన గుర్రం మూతి కమలదు. చల్లగా గాలి వీస్తున్న ఫిబ్రవరిలో కూడా మధ్యాహ్నమంతా ఇసుకలో నిలబెడితే కమలొచ్చు. ఘాట్ల దగ్గర ఇంకా జాగ్రత్త, ఎందుకంటే నీళ్ళు, ఇసుక, సిమెంటు మెట్లు ఎండను కింద నుంచి తిరగ్గొడతాయి. మూతి మీద వెంట్రుకలు పలచన కాబట్టి ముందు దెబ్బ తినేది అదే.

కమిలిన రోజు చేయాల్సింది: నీడకు తేవాలి, మూతి పట్టీ విప్పాలి, చల్లని తడిగుడ్డ వేస్తూ ఉండాలి. పొట్టు గోకి తీయకండి. పొక్కులు పగిలితే ఈగలు వాలి పురుగులు పడతాయి, అంతదాకా రానివ్వకుండా డాక్టరుకి చూపించండి.

మళ్ళీ రాకుండా ఉండాలంటే జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాయండి. పిల్లలకు వాడే, వాసన లేని రకమైతే మంచిది. ముందు మెడ మీద కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి, దద్దురు రాకపోతే మూతికి రాయండి. కుడితిలో మూతి పెట్టగానే సగం పోతుంది కాబట్టి రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాల్సిందే. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుంది, ఫొటోలకు బాగుంటుంది. ఎండ నుంచి కాపాడదు.

అసలు మందు నీడ. ఇక్కడ అందరం చేసే తప్పు ఒకటుంది. పదింటికి వేపచెట్టు నీడలో కట్టేసి పనికి పోతాం. రెండింటికి వచ్చి చూస్తే నీడ అవతలికి జరిగి ఉంటుంది, తాడు అందనంత దూరానికి. గుర్రం తల అటు చాపి నిలబడి ఉంటుంది. పడమటి వైపు కూడా కప్పు దిగే తాటాకు పందిరి వేస్తే ఈ బాధ తప్పుతుంది. రేకుల షెడ్డు ఎండను ఆపుతుంది కానీ లోపల కొలిమే. మేతకు తెల్లవారుజామున, పొద్దు వాలాక వదలండి.

సమస్య: సన్‌స్క్రీన్ రాసినా, కాసేపు ఎండలో ఉన్నా చాలు, తెల్ల మచ్చలున్న చోటల్లా మందంగా చెక్కు కడుతోంది

పక్కనే ఉన్న నల్ల చర్మం శుభ్రంగా ఉంటుంది, గీత గీసినట్టు. ఇలా కనిపిస్తే ఎండ కంటే ముందు మేతను అనుమానించండి.

పచ్చిమేతలోని పత్రహరితం అరిగేటప్పుడు ఫైలోఎరిత్రిన్ అనే పదార్థం తయారవుతుంది. కాలేయం బాగుంటే దాన్ని బయటికి పంపేస్తుంది. కాలేయం దెబ్బతింటే అది రక్తంలో చేరి చర్మానికి వస్తుంది. అక్కడ ఎండ తగిలితే చర్మం కాలిపోతుంది.

మన డెల్టాలో కాలేయాన్ని దెబ్బతీసేవాటిలో నేను మొదట చూసేది జనుము. మాగాణుల్లో చల్లే జనుము గేదెలకు మేత అని గుర్రానికీ వేసేస్తాం. దాంట్లో, ముఖ్యంగా గింజల్లో, కాలేయానికి పడని విషపదార్థాలున్నాయి, గుర్రం వాటిని గేదె అంతగా తట్టుకోలేదు. ఎండబెట్టినా విషం పోదు. కాయ పట్టిన జనుము అసలు వద్దు.

పచ్చిమేత ఆపి మంచి ఎండుగడ్డి వేయండి, పగలంతా చీకటిగా ఉండే సాలలో ఉంచండి, డాక్టరుని పిలవండి. కళ్ళు పచ్చబడ్డాయా అని చూస్తారు కానీ, మేత మానేసిన గుర్రానికి మామూలుగానే కొంచెం పచ్చబడతాయి. రక్తపరీక్షతోనే తేలుతుంది. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయొచ్చు, గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళొచ్చు.

సమస్య: కనురెప్ప మీద చిన్న పుండు, వారాలు గడిచినా మానడం లేదు

ఏళ్ళ తరబడి ఎండ తగిలిన గులాబీ చర్మానికి క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. పసుపు పెట్టి చూద్దాం అని ఆగకండి. చిన్నగా ఉన్నప్పుడు కోసి తీసేయడం తేలిక.

సమస్య: మూతి బాగానే ఉంది, కానీ రొప్పుతోంది, చెమట ఆగిపోయింది

ఇది వడదెబ్బ, వేరే సంగతి. వెంటనే నీడకు తెచ్చి ఒళ్ళంతా చల్లటి నీళ్ళు ఆపకుండా పోస్తూ డాక్టరుకి ఫోన్ చేయండి. గుర్రం ఒంటి వేడి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. 40 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే.

ఇప్పుడు పగటి ఊరేగింపు బేరం వస్తే నల్ల చర్మం ఉన్నదాన్నే పంపుతున్నాను. నుక్రానే కావాలని పట్టుబడితే, సాయంత్రం ఆరు దాటాకే అని అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెప్పేస్తున్నాను.