విదేశంలో కారు అద్దెకు తీసుకునేటప్పుడు: శ్రీకాకుళం, విజయనగరం వారికి కొన్ని సూచనలు

అరసవల్లి దర్శనానికో రామతీర్థం వెళ్లడానికో మన దగ్గర కారు మాట్లాడుకుంటే కారుతోపాటు డ్రైవరూ వస్తాడు. దారిలో టైరు పంక్చరైనా, బండికి గీత పడినా, ఎవరైనా ఆపి కాగితాలు అడిగినా చూసుకోవలసింది అతడూ యజమానీ. మనం కిరాయి, బత్తా ఇచ్చి ఇంటికి చేరుకుంటాం. విదేశాల్లో చేతికి వచ్చేది తాళం మాత్రమే. ఒప్పందపత్రం మీద సంతకం పెట్టిన క్షణం నుంచి, ఇక్కడ డ్రైవరూ యజమానీ మోసే బాధ్యతలన్నీ మన మీదికి వస్తాయి. అందుచేత అక్కడి కారు ప్రయాణానికి సన్నాహం విమానం ఎక్కడానికి కనీసం నెల రోజుల ముందు, మన ఊళ్లోనే మొదలు కావాలి.

మొదటిది లైసెన్సు. మీ లైసెన్సులో కారుకు సంబంధించిన ఎల్‌ఎంవీ అనుమతి ఉందో లేదో, గడువు ప్రయాణం ముగిసేదాకా ఉందో లేదో చూసుకోండి. ఎప్పుడో మోటారు సైకిలు కోసం తీసుకున్న లైసెన్సుతో కారు ఇవ్వరు. ఆ తరువాత ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. దీన్ని మన ఆర్టీవో కార్యాలయమే ఇస్తుంది. పరివాహన్ సారథి పోర్టల్ ద్వారా ఫారం 4ఏ నింపి, లైసెన్సు, పాస్‌పోర్టు, ఫోటోలు జతచేసి, 1,000 రూపాయల రుసుము, దానిపై ఉంటే సేవా రుసుము చెల్లించాలి. ఇది ఏజెంటు అవసరం లేని పని. భారతదేశం 1949 నాటి జెనీవా ఒప్పందంలో భాగస్వామి కనుక, ఆ ఒప్పందాన్ని పాటించే దేశాల్లో ఈ పర్మిట్ చెల్లుతుంది. చైనాలో మాత్రం చెల్లదు. పర్మిట్ గడువు గరిష్ఠంగా ఒక సంవత్సరం. అది విదేశంలో ఉండగా ముగిసిపోతే అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలును 2021లో కల్పించారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. పర్మిట్ అనేది మన లైసెన్సుకు ఒక రకంగా అనువాదం వంటిదే తప్ప దాని స్థానంలో చెల్లే పత్రం కాదు. మా కుటుంబంలోనే ఒకరు, పర్మిట్ చేతిలో ఉంది కదా అన్న ధీమాతో అసలు లైసెన్సు కార్డును ఇంటి బీరువాలో వదిలి వెళ్లారు. ఫోనులో డిజిలాకర్ ప్రతి చూపినా కౌంటరులో అంగీకరించలేదు. ముందే చెల్లించిన సొమ్ము తిరిగి రాలేదు, ఆ రాత్రి పిల్లలతో సహా టాక్సీలు వెతుక్కోవలసి వచ్చింది. అసలు కార్డు, పర్మిట్, పాస్‌పోర్టు మూడూ చేతిసంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలో కూడా వద్దు.

గల్ఫ్‌కు వెళ్లేవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఉంది. యూఏఈకి సందర్శకులుగా వెళ్లినవారు మన లైసెన్సు, పర్మిట్‌లతో అద్దె కారు నడపవచ్చు. ఉద్యోగం మీద వెళ్లి నివాస వీసా పొందినవారికి మాత్రం ఆ సౌకర్యం ఉండదు; అక్కడి లైసెన్సు తీసుకున్న తరువాతే స్టీరింగ్ పట్టాలి. మన జిల్లాల నుంచి పనికి వెళ్లిన యువకులు, చూడటానికి వచ్చిన బంధువులను తిప్పాలనే ప్రేమతో ఈ నియమాన్ని విస్మరిస్తే, జరిమానాతోపాటు ఉద్యోగానికే ముప్పు రావచ్చు. అమెరికాలోనైతే రాష్ట్రానికొక నియమం. కొన్ని రాష్ట్రాలు మన లైసెన్సును నేరుగా ఒప్పుకున్నా, అద్దె సంస్థ పర్మిట్ అడగవచ్చు కనుక తీసుకువెళ్లడమే మేలు.

తరువాతి చిక్కు మన ఇంటిపేర్లది. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. లైసెన్సు మీద అది ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద కొన్నిసార్లు అసలే ఉండదు. కౌంటరులో ఉన్న ఉద్యోగికి ఈ మూడూ ఒకే మనిషివని తెలియదు. కారు బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న పేరునే అదే వరుసలో ఇవ్వండి, కార్డు మీది పేరు తేడాగా ఉంటే బ్యాంకుకు వెళ్లి ముందే సరిచేయించుకోండి. లైసెన్సులో పేరు మార్పుకు సమయం పడుతుంది కాబట్టి, ఆ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి.

కార్డు అన్నప్పుడు అది క్రెడిట్ కార్డే కావాలి, ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలి. కారుకు పూచీగా సంస్థ కొంత పెద్ద మొత్తాన్ని ఆ కార్డు మీద నిలిపి ఉంచుతుంది; కారు తిరిగి అప్పగించిన తరువాత ఆ నిలుపుదల తొలగడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు ఈ పనికి చాలాచోట్ల చెల్లవు. తండ్రి పేరున బుక్ చేసి కొడుకు కార్డు చూపితే ఒప్పుకోకపోవచ్చు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమం ప్రకారం కొత్త కార్డులు మొదట దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఉంటాయి. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని తెరిచి, పరిమితిని డిపాజిట్‌కూ ఇతర ఖర్చులకూ సరిపడేలా పెంచుకోవాలి. చెల్లించేటప్పుడు యంత్రం రూపాయల్లోనా స్థానిక కరెన్సీలోనా అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. రూపాయల్లోకి మార్చే ఆ సౌకర్యానికి సాధారణంగా ఎక్కువ మారకపు ధర వేస్తారు.

ఇక బీమా. ఈ వ్యాసంలో ఒక్క భాగాన్ని రెండుసార్లు చదవమని అడగవలసి వస్తే దీన్నే చదవమంటాను. అద్దె ధరలో కలిసి ఉండే డ్యామేజ్ వెయివర్ అనే ఏర్పాటు, కారుకు నష్టం కలిగితే మన బాధ్యతను కొంతవరకే పరిమితం చేస్తుంది. ఉదాహరణకు ఎక్సెస్, అంటే నష్టంలో మనమే భరించవలసిన మొదటి భాగం, 1,200 యూరోలని ఒప్పందంలో ఉండి, 2,000 యూరోల నష్టం జరిగితే, మొదటి 1,200 మనమే కట్టాలి. 300 యూరోల గీత పడితే మొత్తం 300 కూడా మనదే. ఈ ఎక్సెస్‌ను తగ్గించే అదనపు బీమాను కౌంటరులో అమ్మజూపుతారు. రోజువారీ లెక్కన అది అద్దెతో సమానమయ్యేంత కూడా ఉండవచ్చు. అలసిపోయి కౌంటరు ముందు నిలబడినప్పుడు కాక, ఇంట్లో ఉండగానే షరతులు చదివి, అది కావాలా వద్దా అన్నది నిర్ణయించుకోండి. ఎదుటివారికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా వేరుగా ఉంటుంది. ఐరోపాలో అది అద్దెలోనే కలిసి వస్తుంది. అమెరికాలో మాత్రం చట్టం కోరే కనీస మొత్తం చాలా తక్కువగా ఉండవచ్చు. అక్కడ ఆసుపత్రి ఖర్చులు ఎంతటివో తెలిసినవారెవరూ ఆ కనీస మొత్తంతో సరిపెట్టుకోరని నా అభిప్రాయం. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పోయిన తాళం, పొరపాటున పోసిన వేరే ఇంధనం వంటివి తరచుగా బీమా పరిధిలోకి రావు. ఎడారి ఇసుకలోకి మామూలు కారు దింపితే అసలు బీమాయే వర్తించకపోవచ్చు.

దీనికి ముడిపడినదే రెండో డ్రైవరు సంగతి. మన కుటుంబ ప్రయాణాల్లో కాసేపు అల్లుడు, కాసేపు బావగారు నడపడం సహజం. అక్కడ ఒప్పందంలో పేరు లేని మనిషి స్టీరింగ్ పట్టి ప్రమాదం జరిగితే బీమా నిలవదు. నడిపే ప్రతి ఒక్కరి లైసెన్సూ కౌంటరులో చూపించి, రుసుము కట్టి, పేరు రాయించండి. 25 ఏళ్లలోపు వారికి చాలాచోట్ల అదనపు రుసుము ఉంటుంది.

పిల్లల సీటు సంగతి బుకింగ్ సమయంలోనే చెప్పాలి. బ్రిటన్‌లో 12 ఏళ్లు నిండేవరకు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు అది తప్పనిసరి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి వీల్లేదు. ఐరోపాలో తక్కువ ధరకు దొరికేవి గేర్ల కార్లే కనుక, ఆటోమేటిక్ కావాలంటే అదీ ముందే రాయాలి.

కారు చేతికి రాగానే బయలుదేరవద్దు. వెలుతురులోకి తెచ్చి నాలుగు పక్కలా, పైకప్పు, చక్రాల అంచులు, అద్దాలు, లోపలి సీట్లు, ఇంధనపు ముల్లు, కిలోమీటర్ల మీటరు కనిపించేలా వీడియో తీయండి. సంస్థ ఇచ్చిన కాగితంలో లేని గీత కనిపిస్తే అక్కడి ఉద్యోగితో రాయించి సంతకం తీసుకోండి. స్టెప్నీ ఉందా, ఏ ఇంధనం పోయాలి అన్నవి అప్పుడే అడగాలి. అమెరికాలో ఆకుపచ్చ పిడి ఉన్న పంపు తరచుగా డీజిల్‌ది. బ్రిటన్‌లో ఆకుపచ్చ పెట్రోలుది, నలుపు డీజిల్‌ది. మన బంకుల్లోలా పోసేవారు అక్కడ చాలాచోట్ల ఉండరు కనుక, రంగును నమ్మక మీద రాసిన పేరు చదవండి.

సింగపూర్, మలేసియా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మనలాగే ఎడమవైపు నడుపుతారు. అమెరికా, గల్ఫ్ దేశాలు, ఐరోపాలో అత్యధిక భాగం కుడివైపు. ఇక్కడ నాకు ఎంతో ఉపకరించిన సూత్రం ఒకటే: డ్రైవరు కూర్చున్న వైపు ఎప్పుడూ రోడ్డు మధ్య గీతకు దగ్గరగా ఉండాలి. వాహనాల రద్దీలో పొరపాటు రాదు, ముందున్నవారిని అనుసరిస్తాం. ఖాళీ రోడ్డు మీద, తెల్లవారుజామున, పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు పాత అలవాటు చేతిని ఎడమకు లాగుతుంది. సుదీర్ఘ విమాన ప్రయాణం చేసిన రోజున నడపవద్దు. మరుసటి రోజు ఖాళీ పార్కింగ్ స్థలంలో అరగంట సాధన చేయండి.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో ఎవరు ముందుకు వస్తే వారిది దారి. అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో, ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి, ముందు వచ్చి ఆగినవారు ముందు కదలాలి. ఎర్రదీపాలు వెలిగించి ఆగిన స్కూలు బస్సును దాటకూడదు. వెనుక పోలీసు దీపాలు కనిపిస్తే పక్కకు ఆపి, చేతులు స్టీరింగ్ మీద ఉంచి కారులోనే కూర్చోండి. మన దగ్గర మర్యాదగా దిగి అధికారి దగ్గరికి నడిచి వెళ్తామే, అక్కడ అది ప్రమాదకరమైన చర్యగా కనిపిస్తుంది. వేగం మైళ్లలో ఉంటుందని గుర్తుంచుకోండి: 65 మైళ్లంటే దాదాపు 105 కిలోమీటర్లు.

మడపాంలోనో నాతవలసలోనో టోల్‌గేటు కంటికి కనిపిస్తుంది. దుబాయిలో సాలిక్ అనే టోల్ ద్వారాలకు అడ్డుకర్ర ఉండదు. దాటిన ప్రతిసారీ సొమ్ము సంస్థ ద్వారా మన ఖాతాలో పడుతుంది. ఇటలీ పాత నగరాల్లో అనుమతి లేని వాహనాలను కెమెరా పట్టే నిషిద్ధ ప్రాంతాలున్నాయి. లండన్ మధ్యభాగంలోకి వెళ్తే ప్రవేశ రుసుము ఉంది. ఈ జరిమానాలు నెలల తరువాత, సంస్థ సేవా రుసుముతో కలిసి వస్తాయి. సరిహద్దు దాటి మరో దేశంలోకి వెళ్లాలంటే సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి.

తిరిగి అప్పగించేటప్పుడు, నిండు ట్యాంకుతో తీసుకున్న కారును నిండు ట్యాంకుతోనే ఇచ్చి, బంకు రసీదు దాచుకోండి. కార్యాలయం తెరిచి ఉన్న వేళకు వెళ్లి, ఉద్యోగి ఎదుటే కారు చూపించి, కొత్త నష్టమేదీ లేదని రాసిన కాగితమూ తుది బిల్లూ తీసుకోవాలి. తాళం పెట్టెలో వేసి విమానానికి పరుగెత్తితే, తరువాత వచ్చే ఆరోపణకు మన దగ్గర సాక్ష్యం ఉండదు. ఒప్పందపత్రం, వీడియో, రసీదు, తుది బిల్లు ఇంటికి వచ్చాక కనీసం ఏడాదిపాటు ఒకేచోట భద్రపరచి, అంతకాలమూ కార్డు స్టేట్‌మెంటును నెలనెలా సరిచూసుకుంటూ ఉండండి.