లాడాలు లేని గుర్రానికి బూట్లు: ఎలా కొలవాలి, ఎలా తొడగాలి?

గుర్రం బూటు సరిపోలేదంటే చాలాసార్లు తప్పు బూటుది కాదు, కొలిచిన రోజుది. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. చెక్కించిన మర్నాడు తీసిన కొలత, ఆరు వారాల తర్వాత తీసిన కొలత ఒకటి కావు. అందుకే గిట్టలు చెక్కించిన రెండు మూడు రోజుల్లోపే కొలవండి.

లాడాలు తీసేసిన గుర్రం మట్టిలో హాయిగానే నడుస్తుంది, కంకర మీదికి రాగానే ఆచితూచి అడుగేస్తుంది. గిట్ట గోడ పైనుంచి కిందిదాకా కొత్తగా పెరిగి దిగడానికి దాదాపు 9 నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోగా సవారీకి బూట్లు అక్కరకొస్తాయి. గిట్ట వేడిగా ఉన్నా, గుర్రం కాలు ఆనించలేకపోతున్నా బూట్ల సంగతి పక్కనపెట్టి ముందు పశువైద్యుణ్ణి పిలవండి.

కొలత

కాలెత్తి పట్టి, అడుగున మట్టి, రాళ్ళు గీకేయండి. గట్టి స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవాలి. కాగితం మీద గిట్ట చుట్టూ గీత గీసి కొలిస్తే నాలుగైదు మిల్లీమీటర్లు ఇట్టే తేడా వస్తుంది. వెడల్పు దగ్గర తికమక ఉండదు, బాగా వెడల్పైన చోట అడ్డంగా కొలిస్తే చాలు. పొరపాటంతా పొడవు దగ్గరే. ముందు కొన నుంచి, వెనక గిట్ట గోడ రెండు వైపులా ముగిసే చోట్లను కలిపే గీత దాకానే కొలవాలి. ఆ వెనక మెత్తగా ఉబ్బినట్టుండే మడమలను కలపకూడదు. కలిపితే ఒకటి రెండు సైజులు పెద్ద బూటు ఇంటికొస్తుంది.

నాలుగు కాళ్ళూ విడివిడిగా కొలవండి. కుడి ఎడమలకు కూడా తేడా ఉండొచ్చు.

ఎంపిక

చెరువుల్లోని గుర్రపు డెక్క ఆకు గుండ్రంగా ఉంటుంది కానీ, అసలు డెక్కలన్నీ అలా ఉండవు. ముందు గిట్టలు సాధారణంగా గుండ్రం, వెనకవి కాస్త కోల. పొడవు వెడల్పులు దాదాపు సమానమైతే గుండ్రటి మోడల్, పొడవు ఎక్కువైతే సన్నటి మోడల్ చూడండి. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళదే కాబట్టి చాలామంది ముందు రెంటికే కొంటారు.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిన స్కూట్ బూట్‌కు వెల్క్రో ఉండదు, రబ్బరు పట్టీలుంటాయి. బురదకు మంచిదే. ఈజీబూట్ గ్లవ్ చేతి తొడుగులా అతుక్కుంటుంది, గిట్ట క్రమం తప్పకుండా చెక్కితేనే దానితో సుఖం. కావల్లో కంపెనీ బూటు కాస్త వదులు, లోపల మెత్తటి ప్యాడ్ పడుతుంది. కొత్తగా లాడాలు తీసిన గుర్రానికైతే నేను ప్యాడ్ పట్టేదే ఎంచుకుంటాను.

తొడగడం

తొడిగాక కాలు నేల మీద ఆనించి బరువు పడనివ్వండి, అప్పుడే పట్టీలు బిగించండి. రెండు చేతులతో బూటును పక్కకు తిప్పి చూడండి. గిరగిరా తిరిగితే అది పెద్దది. పై అంచు వెంట్రుకలు మొదలయ్యే గీత దగ్గర ఒరుసుకోకూడదు. చీలమండ కింద పట్టీ ఉంటే, అందులోకి వేలు దూరాలి. ఇరవై అడుగులు నడిపించి, తర్వాత పరిగెత్తించి, మలుపులో చూడండి. బూట్లు ఊడేది ఎక్కువగా మలుపుల్లోనే.

మొదటి రోజు 20 నిమిషాలు చాలు. విప్పగానే మడమల మీద చేత్తో తడమండి. వెంట్రుకలు రాలి, చర్మం వేడిగా తగిలితే ఒరుసుకుంటోందన్నమాట. రోజురోజుకూ కొంచెం పెంచుతూ పోండి. రాత్రంతా బూట్లతో వదిలేయొద్దు, లోపలి తేమకు గిట్ట అడుగు కుళ్ళొచ్చు. వాడిన ప్రతిసారీ కడిగి నీడలో ఆరబెట్టండి. దూరం వెళ్ళేటప్పుడు జేబులో ఒక పట్టీ అదనంగా ఉంచుకోండి.

అయిదో వారంలో బూటు ఎక్కడం కష్టమైతే పెద్ద సైజుకు పరిగెత్తకండి. గిట్ట చెక్కించి మళ్ళీ తొడిగి చూడండి.