ట్యాగు పెన్‌డ్రైవు దాటాలంటే

బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆదివారాలు నాకు కెమెరాతోనే గడుస్తాయి. ఖిలా వరంగల్ తోరణాలు, పాలంపేట రామప్ప గుడి, ఐనవోలు జాతర, అన్నీ కలిపి 1,400 ఫొటోలు పోగయ్యాయి. పోయిన వేసవిలో హైదరాబాదులో మా అమ్మాయి మ్యాక్ ముందు పదకొండు రోజులు కూర్చుని ఒక్కో ఫొటోకు ట్యాగు, అంటే తర్వాత వెతుక్కోవడానికి పనికొచ్చే గుర్తు, తగిలించాను. శాసనాలకు ఎరుపు, తోరణాలకు ఆకుపచ్చ, ఏ ఊరివో గుర్తు రానివాటికి ఊదా. పెన్‌డ్రైవులో వేసుకుని హనుమకొండ వచ్చి నా విండోస్ ల్యాప్‌టాపులో తెరిస్తే ఫొటోలున్నాయి, ట్యాగులు లేవు. పైగా ప్రతి ఫొటోకూ జతగా, చుక్కా కిందిగీతతో మొదలయ్యే పేరుతో ఒక చిన్న ఫైలు. దాగిన ఫైళ్లు కూడా కనబడేలా పెట్టుకునే అలవాటు నాది. తుక్కనుకుని అన్నిటినీ ఏరి చెరిపేశాను. నా ట్యాగులు ఉన్నదే వాటిలో.

ఈ పని మొదలుపెట్టేవారు ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: మీ ట్యాగును ఎక్కడ రాస్తున్నారు? ఫైలు లోపలా, ఫైలు పక్కనా? వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి 1163 నాటి శాసనం రాతి మీదే ఉంది కాబట్టి ఇవాళ కూడా చదువుకుంటున్నాం. అదే సంగతి కాపలాదారు పలక మీద సుద్దతో రాసి ఉంటే, రాయి నిలిచినా రాత నిలిచేది కాదు. మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్‌లో 2013 నుంచి ఉన్న ట్యాగు ఆ పలక మీది రాతే. దాన్ని ఫైలులో కాకుండా డిస్కులో ఆ ఫైలుకు కేటాయించిన అదనపు గదిలో దాస్తారు. పెన్‌డ్రైవులు సాధారణంగా ఫ్యాట్ 32, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్లు దాచే పద్ధతుల్లో ఉంటాయి. వాటిలో అలాంటి గది లేదు. అందుకే మ్యాక్ ఆ జంట ఫైలు రాస్తుంది. రెంటినీ కలిపి మళ్లీ మ్యాక్‌కు తీసుకెళ్తే ట్యాగు తిరిగి వస్తుంది, విండోస్‌కు మాత్రం అది అర్థం కాదు. లినక్స్‌లో ఫైళ్లు చూపించే డాల్ఫిన్ పెట్టే ట్యాగులదీ ఇదే కథ, మామూలు కాపీ ఆదేశానికే రాలిపోతాయి.

విండోస్‌లో మాత్రం కొంత నయం. జేపెగ్ ఫొటో మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిచి ట్యాగు రాస్తే అది ఫొటో లోపలికే పోతుంది. ఒకటికి మించి ఉంటే మధ్యలో సెమీకోలన్ పెట్టండి. పీఎన్‌జీ ఫొటోకు అక్కడ ట్యాగు రాయనివ్వదు.

నేను ఇప్పుడు వాడుతున్నది డిజికామ్ అనే ఫొటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్. ఉచితం, మూడు సిస్టమ్‌ల మీదా నడుస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు సమాచారాన్ని ఫైళ్లలో రాయాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను తొందరలో దాటేయకండి. దాటేస్తే ట్యాగులన్నీ దాని సొంత డేటాబేసులోనే ఉండిపోతాయి, మళ్లీ పలకే. ఇప్పటికే దాటేసి ఉంటే అమరికల్లో మెటాడేటా అనే చోటికి వెళ్లి ఇమేజ్ ట్యాగ్స్‌కు టిక్కు పెట్టండి. ఫైళ్లలోకి రాసే పని కాబట్టి ముందుగా ఫోల్డరుకు ఒక నకలు తీసుకోండి.

అన్నిటికంటే ముందు ఒక్క ఫొటోతో పరీక్ష చేయండి. ట్యాగు పెట్టి, పెన్‌డ్రైవులో వేసి, వేరే సిస్టమ్‌లో తెరిచి చూడండి. ఈ అయిదు నిమిషాల పని చేసి ఉంటే నా పదకొండు రోజులూ మిగిలేవి.

తెలుగులో ట్యాగులు రాసేవారికి ఒక చిక్కుంది. ఫొటో లోపల ట్యాగులుండే చోట్లు రెండు: పాతది ఐపీటీసీ, కొత్తది ఎక్స్‌ఎంపీ. పాతదానిలో ఒక్కో ట్యాగుకు 64 బైట్లే హద్దు. కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. 'వేయిస్తంభాల గుడి శాసనం' అంటే 62, ఇరుకుగానైనా పడుతుంది. 'శాసనాలు' అన్నామా 68, తోక తెగుతుంది. ఎక్స్‌ఎంపీకి ఈ బాధ లేదు. అయినా పాత సాఫ్ట్‌వేర్ దేన్ని చదువుతుందో చెప్పలేం కాబట్టి నేను పొట్టి మాటలే వాడతాను: 'శాసనం', 'తోరణం', 'రామప్ప'.

పాటలకు ఈ ఇరుకు మరీ ఎక్కువ. ఐనవోలులో రికార్డు చేసిన ఒగ్గు కథకు 'మల్లన్న కథ ఐనవోలు' అని పేరు పెట్టాను. ఎంపీ3 ఫైలులో పాట వివరాలు రాసే ఐడీ3 పద్ధతి మొదటి రూపం పేరుకు 30 బైట్లే ఇస్తుంది. 'మల్లన్న కథ' దగ్గరే 28 అయిపోయాయి, ఊరికి చోటు లేదు. పైగా అవి ఏ లిపి సంకేతాలో చెప్పే వీలు కూడా ఆ రూపంలో లేదు. కిడ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఐడీ3 2.3 రూపం ఎంచుకుని, అక్షరాలకు యూటీఎఫ్-16 పెట్టండి.

ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లోనే పెడతాను. భాషాభిమానం లేక కాదు. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ డిస్కులు ముక్కలు చేసి దాస్తాయి. కంటికి రెండూ 'మైలారం'గానే కనబడతాయి, వెతికితే మాత్రం ఒకటి దొరకకపోవచ్చు.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలి రాత కూడా పోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

మ్యాక్‌లో ఇప్పటికే రంగులు పెట్టేసినవారు మళ్లీ మొదటినుంచి చేయనక్కర్లేదు. మా అమ్మాయి దగ్గర అసలు ఫోల్డరు ఉంది కాబట్టి దసరాకు వెళ్లినప్పుడు ఇలా చేశాను. ఫైండర్‌లో ఎడమవైపు పట్టీలో ఎరుపు మీద నొక్కితే శాసనాల ఫొటోలన్నీ ఒకచోట వస్తాయి. వాటిని 'శాసనం' అనే ఫోల్డరులోకి కాపీ చేసి, డిజికామ్‌లో ఆ ఫోల్డరంతా ఎంచుకుని ఒక్కసారే ట్యాగు కొట్టాను. రంగుకొక ఫోల్డరు, ఒక్క పూటలో అయిపోయింది. రెండు రంగులున్న ఫొటోలు రెండు ఫోల్డర్లలోకీ వస్తాయి. వాటిని ముందే కాగితం మీద రాసుకుని, ఒక నకలు తీసేసి, మిగిలినదానికి రెండో ట్యాగు చేత్తో పెట్టాను. ఊదావి మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి, వాటికి కావలసింది సాఫ్ట్‌వేర్ కాదు, నా జ్ఞాపకం.